హోమోవో చందాల జమా ఖర్చుల వివరణ

ఘనా రాజధాని ఆక్రాలోని మన తెలుగు కుటుంబాలన్నిటికీ నమస్కారం. జేమ్స్‌టౌన్‌ వాడలో మన పెద్దాయన ఇంటి హోమోవో పండక్కి మీరిచ్చిన చందాల లెక్క ఇది. 19 ఏళ్లు మన గోడౌన్లో స్టోరు చూసిన మనిషి, ఈ మార్చిలో పోయారు. ఆ ఏడాది పోయినవాళ్లను ఇక్కడి స్థానికులైన గా జనం ఈ పండగలో తలుచుకుంటారు. రమ్మని వాళ్ల ఇంటి పెద్ద కబురు పెట్టాక ఉత్త చేతులతో వెళ్లబుద్ధి కాలేదు.

జమ: 18 ఇళ్లు 200 సిడీల (ఘనా కరెన్సీ) చొప్పున 3,600. 7 ఇళ్లు 300 చొప్పున 2,100. ఒకే గదిలో ఉండే నలుగురు కుర్రాళ్లు కలిసి 250. పేరు రాయొద్దని కవర్లలో ఇచ్చినవారివి 430. మొత్తం 6,380 సిడీలు.

ఖర్చు ఎలా పెట్టాలో ఇంటి పెద్దనే అడిగాం. పితృదేవతలకు నేల మీద వంచే మద్యం ఇంటివాళ్ల డబ్బుతోనే రావాలి, మీది వంటకు పెట్టండి అన్నారు. అలాగే చేశాం. మొక్కజొన్న బస్తా 720, మర పట్టించినందుకు 110. ఎర్ర పామాయిలు 640. పులుసుకు పామ్ పండ్లు 480. బెండకాయలు, ఉల్లి, అల్లం, మిరప కలిపి 365. బొగ్గు 240. షామియానా, కుర్చీలు 750. బండి కిరాయిలు 310.

చేపల మీద ఎక్కువైంది. 1,400 అనుకుంటే 1,850 అయింది. పొగబెట్టిన చేప జాలర్ల వాడ చోర్కోర్‌లోనే కొందామన్నది మా నిర్ణయం. చేపలు పొగబెట్టే చోర్కోర్ పొయ్యి పేరు ఆఫ్రికా అంతటా తెలుసు, అది ఈ వాడదే. మంగళవారం గా జాలర్లు సముద్రం మీదికి వెళ్లరు. ఆ లెక్క చూసుకోకుండా చివరి రోజుల దాకా ఆగాం, అప్పటికి ధర పెరిగిపోయింది. అక్కడ బిల్లులుండవు. చేపలమ్మే ఆవిడ చెప్పిన ధర నోటుబుక్కులో రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం, ఎవరైనా చూడవచ్చు.

మొత్తం ఖర్చు 5,465. మిగులు 915 సిడీలు.

ఈ లెక్కలో లేని ఖర్చు ఇంకొకటుంది, అది మా తప్పు. చందాల కోసం మే నెలలో పాటల సాయంత్రం పెడదామని సౌండు సెట్టుకు 400 అడ్వాన్సు ఇచ్చాం. ఈ పండగ కోసం మే నెలలోనే గా పూజారులు మొక్కజొన్న విత్తుతారు, ఆ తర్వాత 30 రోజులు ఊళ్లో డప్పు, మైకు మోగకూడదు. ఇన్నేళ్లుగా ఇక్కడ ఉంటూ మాకు అది గుర్తు రాకపోవడం సిగ్గుచేటు. అడ్వాన్సు తిరిగి రాలేదు. కమిటీలో ఉన్న ఐదుగురం తలా 80 వేసుకున్నాం.

రాలేకపోయినవారి కోసం రెండు మాటలు. హోమో అంటే ఆకలి, వో అంటే గేలి చేయడం. వలస దారిలో కరువు పడి, తర్వాత పంట విరగబండినప్పుడు ఆకలిని ఎగతాళి చేసిన పూర్వీకుల పండగ ఇది. మనం కొన్న మొక్కజొన్నపిండిని ఆవిరి మీద ఉడికించి, పామాయిలు పోసి కలిపితే పసుపు రంగు తిరిగింది. అదే క్పోక్పోయి. ఇంటి పెద్ద దాన్ని గుప్పిటతో తీసి, పోయినవాళ్ల పేర్లు పిలుస్తూ గడప దగ్గర చల్లారు. మన పెద్దాయన పేరు వచ్చినప్పుడు ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మహాలయ పక్షంలో పేరూ గోత్రమూ చెప్పి నువ్వులూ నీళ్లూ వదిలే మా నాన్న చెయ్యి గుర్తొచ్చింది నాకు. ఆ తర్వాత పిల్లలూ పెద్దలూ ఒకే పళ్లెంలో చెయ్యి పెట్టారు, మమ్మల్నీ కూర్చోబెట్టారు. మర్నాడు తెల్లవారుజామున పెద్దాయన భార్య గొంతెత్తి ఏడ్చారు, ఇంటి ఆడవాళ్లంతా అందుకున్నారు.

మిగిలిన 915ను వచ్చే మార్చిలో పెద్దాయన ఏడాది కార్యక్రమానికి ఆయన భార్య చేతికే ఇద్దామని కమిటీ అభిప్రాయం. వద్దనేవారుంటే ఈ ఆదివారం లోపు చెప్పండి. అప్పటిదాకా ఆ డబ్బు కోశాధికారి దగ్గర నగదుగానే ఉంటుంది.