యాభైసార్లు రాయిస్తే అక్షరదోషాలు పోవు

గౌరవనీయులైన విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రాతలో తడబడే పిల్లల గురించి మేమిచ్చిన అర్జీలు మీ కార్యాలయంలో క్షేమంగానే ఉన్నాయని నమ్ముతున్నాను. "పరిశీలనలో ఉంది" అన్న జవాబు ఇక కంఠతా వచ్చేసింది కాబట్టి ఈసారి అందరికీ కనబడేలా రాస్తున్నాను. అభ్యసన వైకల్యాలను, అంటే తెలివి ఉన్నా చదవడంలో, రాయడంలో పిల్లలకు ఎదురయ్యే ఇబ్బందుల వంటివాటిని, వీలైనంత త్వరగా గుర్తించి, తగిన బోధన అందించాలని 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 16వ సెక్షన్ చెబుతోంది. మీకు తెలియనిదా!

మా అబ్బాయి ఐదో తరగతి. కథ చెప్పమంటే గుక్క తిప్పుకోడు. అదే రాయమంటే ఒత్తులు ఎగిరిపోతాయి, దీర్ఘాలు కురచవుతాయి. బడిలో దీనికి ఒకటే మందు: తప్పుపోయిన మాటను యాభైసార్లు రాయడం. చూసి రాసినంతసేపూ సరిగ్గానే రాస్తాడు. మర్నాడు డిక్టేషన్‌లో మళ్లీ అదే తప్పు. అప్పుడు వందసార్లు. ఆటల పీరియడ్ దానికే పోతుంది. సైన్సులో జవాబు తెలిసి రాసినా అక్షరదోషాలకు మార్కులు కోస్తారు. ప్రోగ్రెస్ కార్డులో "శ్రద్ధ లేదు" అని రాస్తారు. ఇప్పుడు 'స్నేహితుడు' అని రాయాల్సిన చోట 'వాడు' అని సరిపెట్టేస్తున్నాడు. తెలివి లేదన్నవారు ఈ తెలివిని కూడా చూడాలి.

డిక్టేషన్ రాయాలంటే మాట వినగానే ధ్వనులుగా విడగొట్టాలి, వాటి వరుస చెడకుండా మనసులో నిలుపుకోవాలి, ఒక్కోదానికి తగిన అక్షరాన్ని జ్ఞాపకంలోంచి తీయాలి. ఇందులో ఎక్కడ తడబడినా కాగితం మీద పడేది ఎర్ర సున్నాయే. 'గడియారం'ను 'గడిరాయం' అని రాసే పిల్లవాడి ఇబ్బంది, 'భయం'ను 'బయం' అని రాసేవాడి ఇబ్బంది ఒకటి కావు. మొదటివాడికి వరుస నిలవడం లేదేమో. రెండోవాడు విన్నది విన్నట్టే రాసి ఉండవచ్చు. ఒత్తులు పలకడం పెద్దలమే మానేశాం కదా! చూచిరాతకు కన్ను, చేయి చాలు. విడగొట్టడం, గుర్తు తెచ్చుకోవడం అందులో ఎక్కడున్నాయి? లేని సాధన యాభైసార్లు చేయిస్తే ఏం వస్తుంది, వేళ్ల నొప్పి తప్ప?

టీచర్లను నిందించను. వారికి ఇది ఎవరూ నేర్పలేదు. నేర్పించండి. పిల్లలను పరీక్షించగలవారిని బడులకు పంపండి. విషయం తెలిసి రాసిన జవాబుకు మార్కులు కోయవద్దని చెప్పండి. ఇవన్నీ పాత అర్జీల్లో ఉన్నవే, దయచేసి ఒక్కసారి తెరిపించి చూడండి. వచ్చే ఏడాది ఆరో తరగతిలో మావాడికి మూడో లిపి మొదలవుతుంది. ఈలోగా మిగతావి కాకపోయినా, ఆ యాభైసార్ల శిక్షనైనా ఆపించండి. దానికి నిధులు కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక విద్యార్థి తల్లి