పెలికాన్ పక్షుల (గూడబాతుల) ఫోటోలు తీయడానికి ఆదివారం తేలినీలాపురం వచ్చేవాళ్లకి

అందరూ ఉదయం 6కల్లా టెక్కలిలో కలుద్దాం. తేలినీలాపురంలో పెలికాన్ల గూళ్లలో పిల్లలున్నాయి కాబట్టి చెట్ల కిందకి వెళ్లొద్దు, డ్రోన్ అసలే వద్దు. తల్లిపక్షి బెదిరి లేచిపోతే గుడ్లు, పిల్లలు ఎండకి, కాకులకి దొరికిపోతాయి. ఏ ఫోటో కూడా అంత విలువైనది కాదు.

పెలికాన్ పిల్ల తల్లి గొంతుసంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు తింటుంది. ముందు కెమెరా దించి అది చూడండి. కాసేపు చూస్తే తల్లి ఎప్పుడు వాలుతుందో మీకే తెలిసిపోతుంది, క్లిక్ అప్పుడు కొట్టొచ్చు. తెల్లటి రెక్కలు ఎండలో కాలిపోయినట్టు పడతాయి, ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుతురు) కాస్త తగ్గించండి. పక్షి ఎగిరేటప్పుడు షట్టర్ స్పీడ్ 1/2000 సెకను పెట్టండి.

అన్నట్టు, ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అంటారు గానీ, ఈ పెలికాన్లు మన దక్షిణాసియా పక్షులే. పోస్టుల్లో సరిగ్గా రాద్దాం. ముదురు రంగు బట్టలు వేసుకోండి, నీళ్లు తెచ్చుకోండి.