టెక్సాస్ గవర్నర్ గారికి బహిరంగ లేఖ: జ్యూరీకి వెళ్తే జీతం పోవాలా?

గవర్నర్ గారికి నమస్కారం.

కోర్టు కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందమే జ్యూరీ; అందులో కూర్చోమని పిలుపు వస్తే వెళ్లాల్సిందే. వెళ్లినందుకు ఉద్యోగం తీసేయకూడదని మన రాష్ట్ర చట్టం చెబుతోంది, సంతోషం. ఆ రోజు జీతం ఇవ్వమని మాత్రం ప్రైవేటు యజమానులకు చెప్పదు.

2023లో పెంచాక కూడా కోర్టు ఇచ్చేది మొదటి రోజు 20 డాలర్లు, తర్వాత రోజుకు 58. గంటకు 7.25 చొప్పున ఎనిమిది గంటల కనీస వేతనం సరిగ్గా 58. మరి మొదటి రోజు ఏం పాపం చేసింది? చాలామంది ఎంపిక కాకుండా ఆ రోజే తిరిగొస్తారు కదా!

నెల జీతగాళ్లకు ఒకటి రెండు రోజులు పెద్ద లెక్క కాదు. టెన్షనంతా గంటల లెక్కన పనిచేసేవాళ్లది. పౌరసత్వం తీసుకున్న మా తెలుగువాళ్లలోనూ అలాంటివాళ్లున్నారు.

కొలరాడోలో మొదటి మూడు రోజులు యజమానే రోజుకు 50 డాలర్ల దాకా మామూలు జీతం ఇవ్వాలి. ఇక్కడా అలాంటి చట్టం తెండి. అంతవరకు మొదటి రోజుకూ 58 ఇప్పించండి.

ఇట్లు,
డల్లాస్ నుంచి ఒక తెలుగు ఓటరు