నాన్న డబ్బు అమ్మ చేతికొచ్చింది: తోడు నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

మొన్న శుక్రవారం నాన్న డిపాజిట్ల డబ్బు అమ్మ ఖాతాలో పడింది. ఆయన పోయి ఏడాది దాటింది. ఇన్నాళ్ళూ మా వెంట తిరిగినవాళ్ళకు ఎదురుగా సరిగా చెప్పలేకపోయాను, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నాన్న వీలునామా రాయలేదు, నామినీ పేరూ పెట్టలేదు. మీసేవలో అర్జీ పెట్టి తెచ్చుకున్న ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ అంత మొత్తానికి చాలదనీ, కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్, అంటే పోయినవారి డబ్బు వారసులు తీసుకోవచ్చని కోర్టు ఇచ్చే పత్రం, తేవాలనీ బ్యాంకువాళ్ళు చెప్పారు. నెలలో తెప్పిస్తానన్న ఒక మధ్యవర్తి డబ్బు తీసుకుని మూడు నెలలు తిప్పాడు.

తెనాలిలో మా లాయరు గారు మాత్రం మొదటిరోజే, "ఎవరూ అడ్డు చెప్పకపోయినా ఎనిమిది నెలలు పడుతుందమ్మా, కంగారుపడొద్దు" అన్నారు. ఆ నిజం చెప్పినందుకే ఆయనకు ముందుగా దణ్ణం పెడతాను. పేపర్లో ప్రకటన, అభ్యంతరాలకు గడువు, మే నెల సెలవులు, మధ్యలో జడ్జి గారి బదిలీ... వాయిదా పడిన ప్రతిసారీ అమ్మ ఆ మాటే తలుచుకుని ఊరుకునేది. వాయిదా ముందురోజు ఫోన్ చేసి, రావాలో అక్కర్లేదో చెప్పిన జూనియర్ చెల్లెమ్మా, నువ్వు మా ఇంటిపిల్లవే.

1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం, వీలునామా లేకుండా పోయిన కొడుకు ఆస్తిలో తల్లికీ భార్యాబిడ్డలతో సమానంగా వాటా ఉంటుందని మాకెవరికీ తెలీదు. లాయరు గారు అడిగి నానమ్మ పేరు చేర్చకపోతే పిటిషన్ మళ్ళీ మొదటికొచ్చేది. తన వాటా కోడలికే ఇమ్మని చెప్పడానికి ఎనభై రెండేళ్ళ నానమ్మ ఆటోలో కోర్టుకొచ్చింది. మెట్ల దగ్గర ఆమెను చెయ్యిపట్టి ఎక్కించి, ఫ్యాను కింద కుర్చీ వేసిన అటెండరు గారి పేరైనా అడగలేదు నేను. బాబాయ్, మీకు వేయి దణ్ణాలు.

ఎదురింటి మాష్టారూ, మీ రుణం ఎలా తీర్చుకోను? సర్టిఫికెట్ అందులో రాసిన డిపాజిట్లకే పనిచేస్తుంది. తర్వాత ఇంకో బాండు బయటపడితే మళ్ళీ కోర్టుకెళ్ళాల్సిందే. అది తెలిసి మీరు రెండు రాత్రులు నాన్న ట్రంకుపెట్టె ముందు కూర్చుని ప్రతి రసీదూ నంబరుతో సహా రాసిచ్చారు. పాత పంచాంగంలో మడిచిపెట్టిన పోస్టాఫీసు పత్రాలు మీకే దొరికాయి. మాకైతే దాన్ని తెరవాలనే తోచలేదు.

ఆదివారం నానమ్మ బొబ్బట్లు చేయిస్తోంది. మీరందరూ తప్పకుండా రావాలి.