కడపలోని ఆ దంతవైద్యురాలికి కృతజ్ఞతలు

దవడ నొప్పికి పన్ను పీకించుకుని, చెవిలో మందు వేయించుకుని, అన్నీ మామూలుగానే ఉన్నాయన్న మాటతో ఇంటికి తిరిగివచ్చిన వాళ్లు మన ఊరిలో చాలామందే ఉంటారు. వారిలో ఒకరినైన నేను, పేరు బయటపెట్టవద్దని కోరిన ఒక దంతవైద్యురాలికి ఇలా కృతజ్ఞతలు చెప్పుకుంటున్నాను.

మేడమ్, మీరు చెవి ముందరి కీలును, చెంపల్లోని కండరాలను నొక్కి చూసి, పళ్ల అరుగుదల గమనించి, తోడు వచ్చిన మా అత్తను మర్యాదగా బయట కూర్చోబెట్టి, “ఎవరైనా ఎప్పుడైనా కొట్టేవారా అమ్మా?” అని అడిగారు. అంతవరకు ఎవరూ అడగని ప్రశ్న అది. చిన్ననాటి దెబ్బల గురించి చెప్పినదంతా తొందరపెట్టకుండా విన్నారు. ఏళ్ల తరబడి భయంలో బతికిన వారిలో నాడీవ్యవస్థ నొప్పికి అతిగా స్పందించవచ్చని, పళ్లు బిగబట్టడం కూడా ఆ ఒత్తిడిలో భాగం కావచ్చని, అలాగని ప్రతి దవడ నొప్పికీ హింసే కారణం కాదని, ఏదేమైనా ఇది నేను కల్పించుకున్న నొప్పి మాత్రం కాదని వివరించారు. ఆ చివరి మాట మందుకన్నా ఎక్కువ పనిచేసింది.

రాత్రిపూట పళ్లకు తొడుగు, వేడి కాపడం, పెదవులు మూసి పళ్లు ఎడంగా ఉంచే అభ్యాసం, మానసిక వైద్యులకు ఒక చీటీ ఇచ్చారు. గట్టి జొన్నరొట్టె కొన్నాళ్లు మానమన్నారు. సీమ మనిషికి అది కష్టమే. హింస ఇంకా సాగుతున్న వారు మహిళల సహాయ నంబరు 181కు ఫోన్ చేయవచ్చని, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ కోరవచ్చని కూడా చెప్పారు. నొప్పి పూర్తిగా పోలేదు గాని, ఇప్పుడు ముద్ద నమలగలుగుతున్నాను.