చికిత్స ఉన్న జబ్బుకు లేదని రాస్తారా?

సంపాదకుడికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో ఇంటర్ విద్యార్థి జబ్బు గురించి వచ్చిన వార్త చదివినప్పటినుంచి మనసు కుదురుగా లేదు. చేతుల వణుకు, ముద్దమాట, చొంగ కారడం, కాలేయంలోనూ మెదడులోనూ రాగి పేరుకోవడం అన్నీ రాసి, చివర ‘దీనికి చికిత్స లేదు’ అని ముగించారు. అది విల్సన్ వ్యాధి. 1912లోనే కినియర్ విల్సన్ అనే డాక్టరు దాన్ని వివరించాడు. పేరుకున్న రాగిని మూత్రంలో బయటికి పంపే పెన్సిలమైన్ అనే మందును 1956 నుంచి వాడుతున్నారు. జింకు మందులూ ఉన్నాయి. జీవితాంతం వేసుకోవాలి, మానేస్తే ప్రాణం మీదికొస్తుంది, నిజమే. కానీ మీ వార్త చదివి ఏ తల్లయినా ఆశ వదులుకుంటే ఎవరిది బాధ్యత?

మా చెల్లెలి మనవడిదీ ఇదే జబ్బు. తొమ్మిదో తరగతిలో చేతిరాత పాడైంది. బళ్లో బద్ధకమన్నారు, ఇంట్లో ఫోను పిచ్చి అన్నారు, ఊళ్లో గాలి సోకిందని తాయెత్తు కట్టారు. ఇక్కడ పేరున్న ఓ ప్రైవేటు ఆసుపత్రిలో బోలెడు డబ్బు కట్టించుకుని మానసిక సమస్య అని పంపేశారు. చివరికి కళ్లద్దాల కోసం వెళ్తే కంటి డాక్టరమ్మ స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష పరికరంలో చూసి, నల్లగుడ్డు అంచున రాగి చేరి ఏర్పడిన గోధుమరంగు వలయం పట్టుకుంది. ఆ తర్వాత రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్, 24 గంటల మూత్రంలో రాగి చూశారు. ఇవేమీ దొరకని పరీక్షలు కావు. అప్పటిదాకా ఆరోగ్యమని వాడికి రోజూ రాగి చెంబులో నీళ్లే తాగించారు! మందు మొదలుపెట్టినా మాట ఇంకా పూర్తిగా తేరుకోలేదు.

తల్లి నుంచీ తండ్రి నుంచీ లోపమున్న జన్యువు అందితేనే ఈ జబ్బు వస్తుంది. మన ఇళ్లలో మేనరికాలు ఇంకా మామూలే, దగ్గరి బంధువులైన తల్లిదండ్రులిద్దరిలోనూ అదే లోపం ఉండొచ్చు. ఒక బిడ్డకు ఉంటే తోబుట్టువుల్లో ఒక్కొక్కరికీ 25 శాతం ప్రమాదం. లక్షణాలు రాకముందే మందు మొదలుపెడితే మెదడు దాకా పోకుండా ఆపొచ్చు. మీ విలేకరి వార్తలోని ఆ ఇంటర్ పిల్లవాడి పక్కన అతని చెల్లెలి ఫొటో కూడా వేశారు. ఆ అమ్మాయికి పరీక్ష చేయించారా అని ఒక్క మాట అడగలేదు.

అధికారుల సంగతీ చెప్పాలి. అరుదైన వ్యాధులపై 2021లో వచ్చిన జాతీయ విధానం హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రిని, డీఎన్ఏ పరీక్షలు చేసే సీడీఎఫ్‌డీ సంస్థను కలిపి ప్రత్యేక కేంద్రంగా గుర్తించింది. పంజగుట్టలో ఒకటి, ఉప్పల్‌లో ఒకటి ఉన్నాయని ఊళ్లో తల్లిదండ్రులకు చెప్పేదెవరు? సర్కారు బళ్లలో పిల్లల ఆరోగ్య పరీక్షలు చేసే బాల స్వాస్థ్య బృందాలు 2013 నుంచి పిల్లల్ని చూస్తున్నాయి. రాత మారిన పిల్లవాణ్ని, మాట తడబడే పిల్లవాణ్ని నరాల డాక్టరు (న్యూరాలజిస్టు) దగ్గరికి పంపాలని వాళ్లకూ టీచర్లకూ నేర్పడానికి ఎంత ఖర్చవుతుంది? ఫ్లెక్సీలకు మాత్రం ఎప్పుడూ డబ్బుంటుంది. నేను పాఠాలు చెప్పిన రోజుల్లో నోటు పుస్తకాలు దిద్దేవాళ్లం, ఎవరి రాత ఎప్పుడు మారిందో తెలిసేది. ఇప్పటి కార్పొరేట్ కాలేజీల్లో ఓఎంఆర్ షీటు మీద గుండ్రాలు దిద్దితే చాలు, రాత చూసే నాథుడే లేడు.

పెన్సిలమైన్ క్యాప్సూల్స్ కోసం దుకాణాల చుట్టూ తిరగాల్సి వస్తోంది. ప్రతి జిల్లా ఆసుపత్రిలోనూ నిల్వ ఉంచాలని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. మీరు మాత్రం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, ఈ జబ్బుకు చికిత్స ఉందని వేయండి. ఆలస్యం చేయకండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు, సైదాబాద్, హైదరాబాద్