పసుపు పండించే చేతులు పసుపు దంచకూడదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పెళ్లిళ్ల సీజన్ మీద వేసిన పేజీ చదివాను. పసుపు రంగంటే శుభం, సౌభాగ్యం అని రాశారు. హల్దీ ఫంక్షన్‌కి వేసుకునే డ్రెస్సుల ఫొటోలు వేశారు. అన్నీ బాగున్నాయి. కింద ఒక మూలన మాత్రం, పసుపు దంచే పనికి ఐదుగురు ముత్తయిదువలనే పిలవాలని చిన్న డబ్బా కట్టి వేశారు. ఈ ఉత్తరం ఆ డబ్బా గురించే.

మాది ఆర్మూర్ దగ్గర పల్లె. పెళ్లయి ఈ ఊరికి వచ్చి 41 ఏళ్లు. అప్పటినుంచీ రెండెకరాల్లో పసుపు పెడుతున్నాం. మృగశిర వానలకు విత్తనం పెడితే మాఘమాసం దాకా ఆగాలి. తవ్వాక కొమ్ము వేరు, గోళ (గుండ్రటి తల్లి దుంప) వేరు చేయాలి. ఉడకబెట్టాలి, కల్లంలో ఎండబెట్టాలి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టాలి. ఇప్పుడు స్టీమ్ బాయిలర్ అద్దెకు దొరుకుతోంది గానీ, మా అత్త ఉన్నప్పుడు పెద్ద కడాయిల్లోనే ఉడికించేవాళ్లం. ఉడికిందో లేదో పుల్లతో గుచ్చి చూడటం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ పదిహేను రోజులూ తల వెంట్రుకలకు కూడా పసుపు వాసనే. అన్నం కలుపుకుంటే పెరుగు పచ్చబడేది.

తవ్వినప్పుడు కొమ్ముకు మట్టి రంగే ఉంటుంది. విరిస్తేనే లోపలి రంగు బయటపడుతుంది. నిజామాబాద్ యార్డులో కొనేవాళ్లు కూడా కొమ్మును పుటుక్కున విరిచి, ఆ విరిగినచోట చూసే రేటు చెప్తారు. మా కుప్పల ముందు ఎంతమంది వచ్చి నిలబడ్డారో! ఒక్కరు కూడా నా నుదురు చూసి రేటు చెప్పలేదు.

మా ఆయన పోయి ఆరేళ్లయింది. పదకొండో రోజు మా వాళ్లు ముఖం నిండా, మోచేతుల దాకా పసుపు పూసి, ఇంత బొట్టు పెట్టి, తర్వాత అన్నీ తీసి తల మీద నీళ్లు పోశారు. ఆ రోజు పూసింది మా చేను పసుపే. నీళ్లు పోయగానే పసుపు పోతుందా? చెవి వెనక, గోళ్ల సందుల్లో అలాగే ఉండిపోయింది. అది తవ్వకాల కాలం. వారం తిరక్కుండానే చేలో దిగాను, చేతులు మళ్లీ పచ్చబడ్డాయి. దానికి ఎవరూ ఏమీ అనలేదు, పని చేస్తున్నాను కదా.

పోయిన ఏడాది మా మరిది కూతురి పెళ్లయింది. ఆ పిల్ల నన్ను పెద్దమ్మా అంటూ నా కొంగు పట్టుకుని పెరిగింది. దంచడానికి రెండు కిలోల కొమ్ములు నేనే ఏరి పంపాను. వాకిట్లో రోలు పెట్టి, రోకలికి పసుపు కొమ్ము, మామిడాకులు కడుతున్నారు. ముడి వదులైందని దగ్గరికి వెళ్లి చెయ్యి పెట్టబోయాను. తోటికోడలు మెల్లగా, "అక్కా, లోపల విస్తర్ల లెక్క సరిపోయిందో లేదో ఒక్కసారి చూడవా" అంది. ఆమె చెడ్డది కాదు, నన్ను బాధపెట్టాలనీ అనలేదు. నేను లోపలికి వెళ్లి లెక్కపెట్టాను. మూడు వందలు ఉన్నాయి. మళ్లీ లెక్కపెట్టాను. బయట పాట అయిపోయేదాకా లెక్కపెడుతూనే ఉన్నాను.

ఇందులో నా తప్పు కూడా ఉంది, చెప్పకపోతే అబద్ధమవుతుంది. మా పెద్దబిడ్డ పెళ్లిలో మా అత్తను నేనూ ఇలాగే, బర్రెలకు కుడితి పెట్టావా అని అడిగి దొడ్లోకి పంపాను. నాకు పుల్ల గుచ్చి చూడటం నేర్పిన మనిషిని. అప్పుడు అది నాకు తప్పనిపించలేదు.

ఆ రంగును చేత్తో పట్టుకునేవాళ్లకు దాని సంగతి తెలుసు. చీర మీద పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రగా తిరుగుతుంది, తీసుకెళ్లి ఎండలో వేస్తే పోతుంది. పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణి కూడా పసుపులో సున్నం కలిపిందే, అసలు కుంకుమ చేసేదీ అలాగే. బతుకమ్మ మీద పెట్టే గౌరమ్మను పసుపు ముద్దతోనే చేస్తాం. చిటికెడు పసుపు తడిపి ముద్ద చేస్తే గౌరమ్మ అవుతుంది గానీ, అది పండించిన ఆడమనిషి రోలు దగ్గరికి వస్తే మాత్రం అరిష్టమా?

ఇంకో మాట. మా నాయన నాకు ఒక ఎకరం పసుపు కుంకుమల కింద ఇచ్చాడు. మన దగ్గర ఆడపిల్లకు ఇచ్చే భూమికి ఆ మాటే వాడతారు, కాగితాల్లోనూ అదే రాస్తారు. మా ఆయన పోయాక ఆ ఎకరం తిరిగి ఇచ్చేయమని ఎవరూ అడగలేదు. భూమికి పెట్టిన పసుపు కుంకుమలు అలాగే నిలిచాయి, మనిషివే పోయాయి.

2019 లోక్‌సభ ఎన్నికల్లో మా నిజామాబాద్ నుంచి 185 మంది పోటీ చేస్తే అందులో 178 మంది రైతులు. పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలని నామినేషన్లు వేశారు. ఒక్కో బూతులో ఓటింగ్ యంత్రాలు వరస పేర్చాల్సి వచ్చింది. నేను ఓటు వేయాలనుకున్న పేరు ఎక్కడుందో వాటిల్లో వెతుక్కోవాల్సి వచ్చింది. 2025 జనవరిలో పసుపు బోర్డు కూడా నిజామాబాద్‌కే వచ్చింది. ఆ రోజుల్లో మా ఊళ్లో పసుపు రంగంటే క్వింటాల్ ఎంత అనే. మీ పేజీలో ఆ సంగతి ఒక్క ముక్క లేదు. హల్దీలో చల్లుకునే పొడిలో మెటానిల్ యెల్లో లాంటి రసాయన రంగులు కలిపి అమ్మేవాళ్లుంటారు, కొనేముందు చూసుకోండి అనైనా రాయాల్సింది. ఆడపిల్లల ముఖాలకు పూసేది కదా.

ఆచారం మానేయమని నేను చెప్పడం లేదు. మానమంటే మానేవాళ్లు ఎవరూ లేరు. మీరు డబ్బా కట్టి అచ్చు వేస్తే మాత్రం, దాన్నే చూపించి అడ్డం చెప్పేవాళ్లు ఉంటారు. ఈసారి పసుపు గురించి రాసేటప్పుడు ఆ డబ్బా తీసేసి, ఆ చోట్లో మా కల్లం ఫొటో ఒకటి వేయండి. ఫిబ్రవరిలో వస్తే కొమ్ములు ఎండుతూ ఉంటాయి.

వచ్చే మాఘంలో మా చిన్నోడి పెళ్లి. ఐదు కిలోల కొమ్ములు తీసి డబ్బాలో పోసి పెట్టాను. మొదటి పోటు నేనే వేస్తానని మా తోటికోడలికి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రోకలి మా ఇంట్లోది తెమ్మంటావా అక్కా, మీదానికి పొన్ను ఊడింది కదా" అంది.

ఇట్లు,
ఒక పసుపు రైతు,
ఆర్మూర్ ప్రాంతం, నిజామాబాద్ జిల్లా